ఇగువానా, పైథాన్ పెట్టెలో అడుగున ఏం పరచాలి? అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో ఇగువానా, బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లుల్నీ, బాల్ పైథాన్ అనే పామునూ పెంచుకునేవాళ్లు ఉన్నారు. లైటు గురించీ తిండి గురించీ ఎంతో ఆరా తీస్తారు. పెట్టె అడుగున ఏం పరచాలన్న దగ్గరికి వచ్చేసరికి దుకాణంలో ఏ సంచి చేతిలో పెడితే అదే. వీడియోల్లో వచ్చే సలహాలు చాలావరకు గాలి పొడిగా ఉండే చలిదేశాల ఇళ్లకు పనికొచ్చేవి. అక్కడివాళ్లకు తేమ నిలబెట్టడం కష్టం. సముద్రపు గాలి తగిలే మనకు తేమను వదిలించడమే కష్టం.

అపోహ: ఎడారి బల్లి కదా, కళింగపట్నం ఇసుకైనా నాగావళి ఇసుకైనా పోసేస్తే చాలు.

బియర్డెడ్ డ్రాగన్ ఆస్ట్రేలియా లోపలి పొడి ప్రాంతాలది. అది తిరిగే నేల ఎక్కువగా మట్టీ ఇసుకా కలిసి గట్టిపడినది, కాళ్లు దిగబడే ఇసుకమేట కాదు. పైగా సముద్రపు ఇసుకలోని ఉప్పు గాలిలో తేమను లాగుతుంది, ముసురు పట్టిన రోజుల్లో ఆ ఇసుక ఆరదు. నది ఇసుకను కడిగి ఎండబెట్టినా బల్లి పిల్లల కింద వదులుగా పోయకండి. పురుగును పట్టబోయి ఇసుక మింగుతాయి, అది పేగులో అడ్డుపడుతుంది. ఎండకాగే చోట 38–42 డిగ్రీల వేడి లేకపోతే, ఒంట్లో నీరు తగ్గితే, మింగిన కొద్దిపాటి ఇసుక కూడా బయటికి రాదు. జంతువు అదేపనిగా మట్టి నాకుతుంటే ముందు కాల్షియం, యూవీబీ లైటు (ఎండలోని అతినీలలోహిత కిరణాలనిచ్చే దీపం) సరిచూడండి.

పిల్లలకు టిష్యూ కాగితమో పాత పేపరో చాలు. పెద్దవాటికి గరుకు టైలు లేదా కడప బండ మేలు, గోళ్లు కూడా అరుగుతాయి. కడప బండ సున్నపురాయి కాబట్టి వెనిగర్, నిమ్మరసం తగలనివ్వకండి. సబ్బునీళ్లతో తుడిచి, మంచినీళ్లతో కడిగితే సరి. మట్టినేలే కావాలంటే పురుగుమందు తగలని మట్టి 7 పాళ్లు, కడిగిన ఇసుక 3 పాళ్లు కలిపి, తడిపి, 8–10 సెంటీమీటర్ల మందాన దిమ్మిస కొట్టి, పూర్తిగా ఆరాకే జంతువును వదలాలి. ఆ పని వేసవిలో పెట్టుకోండి.

అపోహ: దుకాణంలో అమ్మే కాల్షియం ఇసుక మింగినా కరిగిపోతుంది.

కొంత కరుగుతుంది. ఎక్కువైతే ముద్దకట్టి పేగును పూడుస్తుంది. కాల్షియం పొడి చల్లాల్సింది తిండి మీద.

అపోహ: బాల్ పైథాన్‌కు కొబ్బరి పొట్టు ఎంత తడిగా ఉంటే అంత మంచిది.

ఉద్దానం కొబ్బరికి పేరు, పొట్టుకు కొదవ లేదు. పాముకు ఇది మంచి పరుపే, తడిపే తీరులోనే తేడా వస్తుంది. నొక్కి ఇటుకలా చేసి అమ్మే 650 గ్రాముల పొట్టుకు సుమారు 4 లీటర్ల నీళ్లు పోస్తే 8 లీటర్లకు దగ్గరగా పొంగుతుంది. పీచు యూనిట్ నుంచి విడిగా తెచ్చిన పొట్టులో ఉప్పు ఉండొచ్చు, రెండు మూడు నీళ్లు మార్చి కడగండి. తర్వాత గుప్పిట బిగించి పిండండి. నీళ్లు కారకూడదు, గుప్పిట విప్పితే ఉండ నిలిచి, వేలు తగలగానే విడిపోవాలి. 8 సెంటీమీటర్లు పరిచి, తర్వాత నీళ్లు అవసరమైతే మూలల్లోనే పోయండి. అడుగున చెమ్మ ఉండి పైపొర పొడిగా ఉండాలి.

తేమ 60–75 శాతం మధ్య ఉంటే బాగుంటుంది. వానాకాలంలో మన గదిలో గాలే దానికి మించి ఉంటుంది, అప్పుడు చుక్క నీరు పోయకుండా గాలి ఆడే రంధ్రాలు పెంచాలి. తేమ మీటరును పెట్టె పైకప్పుకు అంటించకండి, పాము పడుకునే ఎత్తులో పెట్టండి. పొట్ట కింద పొలుసులు ఎర్రబడినా బొబ్బలు లేచినా పరుపు తడి ఎక్కువైందని అర్థం. వెంటనే పేపరు మీదికి మార్చి డాక్టరుకు చూపించాలి. కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంటే ఎక్కువసార్లు తేమ చాలకే. పొట్టు మట్టివాసన వేయాలి, ముక్కిన వాసన వస్తే మొత్తం తీసేయండి.

అపోహ: సామిల్లు పొట్టు, ఊక ఊరికే దొరుకుతాయి, అవే చాలు.

సామిల్లు పొట్టులో టేకు, నీలగిరి ఏది ఎంత కలిసిందో చెప్పలేం. టేకు దుమ్ము, నీలగిరి నూనె ఊపిరితిత్తులకు మంచివి కావు. ఊక గరుకు, కళ్లలో పడుతుంది, తడిస్తే బూజు పడుతుంది. పలాస వైపు దొరికే జీడిపిక్కల పెంకులు అసలే వద్దు, వాటి నూనె మనిషి చర్మాన్నే కాలుస్తుంది.

అపోహ: పేపరు పరచడం బద్ధకస్తుల పని.

కొత్తగా తెచ్చిన ఏ జంతువుకైనా మొదటి నెలా రెండు నెలలు పేపరే సరైనది. పేలు కనిపిస్తాయి, రెట్ట తీరు తెలుస్తుంది. ఇగువానా చెట్ల మీద బతికేది, ఆకులు తినేది, నాలుకతో అన్నీ తడిమి చూసేది. దానికి ఎప్పటికీ పేపరు సరిపోతుంది. తేమ కోసం కొమ్మల మీద నీళ్లు చల్లండి.

అపోహ: చీమలు రాకుండా పెట్టె చుట్టూ చాక్‌పీసు గీసి, ఫినాయిల్‌తో తుడిస్తే చాలు.

చాక్‌పీసులో ఉన్నది పురుగుమందు. ఫినాయిల్, కలరా ఉండల ఆవిరి మూసిన పెట్టెలో నిలిచిపోతుంది. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి, రెండు చుక్కల సబ్బునీళ్లు వేయండి. తిని వదిలేసిన పురుగుల్ని ఆ రాత్రే తీసేయండి.

అపోహ: ఇదంతా చూసుకుంటే ఉడుమునో నక్షత్ర తాబేలునో కూడా పెంచుకోవచ్చు.

కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవి రక్షిత జీవులు, ఇంట్లో ఉంచుకోవడమే నేరం. బాల్ పైథాన్, ఇగువానా విదేశీ జాతులే అయినా సైటీస్ (వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నవి, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కొనేటప్పుడే అమ్మినవారి దగ్గర కాగితాలు అడిగి తీసుకోండి.