తొలిచూలుకే ఎందుకు? మాయలో దాక్కునే మలేరియా, పాతికేళ్లు దాటిన టీకా వేట

మలేరియా ఏడాది పొడవునా ఉండే ఆఫ్రికా పల్లెల్లో పుట్టి పెరిగిన పెద్దవాళ్లను ఆ జ్వరం అంతగా భయపెట్టదు. చిన్నప్పటి నుంచి పదేపదే వచ్చిపోవడంతో ఒంటికి దాన్ని తట్టుకోవడం అలవాటవుతుంది. రక్తంలో క్రిమి ఉన్నా మనిషి పొలం పనికి పోతూనే ఉంటాడు. అదే ఊళ్లో ఇరవై ఏళ్ల అమ్మాయి మొదటిసారి నెల తప్పితే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. ఇన్నేళ్లూ కాపాడిన రక్షణ ఉన్నట్టుండి పనిచేయదు. తల్లికి రక్తహీనత, బరువు తక్కువ బిడ్డ, ఒక్కోసారి కడుపులోనే బిడ్డ పోవడం. వింత ఏమిటంటే రెండో కాన్పుకు ముప్పు తగ్గుతుంది, మూడో కాన్పుకు ఇంకా తగ్గుతుంది.

డాక్టర్లు దీన్ని చాలాకాలంగా చూస్తూనే ఉన్నారు. మలేరియా సోకిన తల్లుల మాయ (కడుపులోని బిడ్డకు తల్లి నుంచి పోషణ అందించే ప్లాసెంటా) గురించి గార్న్‌హామ్ అనే శాస్త్రవేత్త 1938లోనే రాశారు. తల్లి వేలి నుంచి తీసిన చుక్కలో క్రిమి జాడ లేకపోయినా, కాన్పయ్యాక మాయను కోసి చూస్తే కుప్పలుగా కనిపించేది. గర్భంలో రోగనిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి ఇలా అవుతోందని చాలాకాలం సరిపెట్టుకున్నారు. అదే నిజమైతే రెండో గర్భంలోనూ తగ్గాలి కదా? ఈ ప్రశ్నకు ఆ వివరణలో జవాబు లేదు.

జవాబు 1996లో దొరికింది. కెన్యాలో విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుము ప్రాంతంలో మిఖాల్ ఫ్రీడ్, పాట్రిక్ డఫీ కాన్పైన తల్లుల మాయల నుంచి క్రిమి ఉన్న రక్తకణాలను సేకరించి పరీక్షించారు. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. ప్లాస్మోడియం ఫాల్సిపారమ్ అనే మలేరియా క్రిమి చేరిన ఎర్ర రక్తకణం రక్తంతోపాటు తిరుగుతూ ఉంటే ప్లీహం దాన్ని పట్టి నాశనం చేస్తుంది. (మన పల్లెల్లో ‘కడుపులో బల్ల పెరిగింది’ అనేది ఈ ప్లీహం వాపునే. మలేరియా ఉన్న చోట్ల ఆ మాట పెద్దవాళ్లకు బాగా తెలుసు.) ప్లీహం దాకా పోకుండా ఉండాలంటే రక్తనాళాల గోడకు అతుక్కోవాలి. అందుకోసం క్రిమి ఆ కణం పైకి జిగురులాంటి ప్రోటీన్‌ను పంపుతుంది. దాని దగ్గర ఇలాంటి ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 60 ఉన్నాయి. ఒకసారికి ఒకటే వాడుతుంది. దాన్ని శరీరం గుర్తుపట్టేసరికి ఇంకొకటి తొడుక్కుంటుంది. మామూలు మనుషుల్లో దొరికే క్రిములు ఎక్కువగా రక్తనాళాల గోడ మీది సీడీ36 అనే అణువును పట్టుకుంటాయి. కిసుములో మాయ నుంచి తీసినవి దాని జోలికి పోలేదు. మాయలో దండిగా ఉండే కాండ్రాయిటిన్ సల్ఫేట్-ఎ అనే చక్కెర గొలుసును పట్టుకున్నాయి.

దాంతో తొలిచూలు చిక్కుముడి విడిపోయింది. అమ్మాయి శరీరానికి ఇరవై ఏళ్లలో ఎన్నో రకాల మలేరియా ముసుగులు, అంటే ఆ జిగురు ప్రోటీన్లు, తెలిసి ఉండొచ్చు. కానీ మాయ అనేదే మొదటిసారి వచ్చింది, దాన్ని పట్టుకునే ముసుగునూ ఆమె రక్తం మొదటిసారే చూస్తోంది. రెండో కాన్పు నాటికి యాంటీబాడీలు సిద్ధంగా ఉంటాయి. 1998లో అదే బృందం ఇంకో మాట తేల్చింది. ఒకటికి మించి కాన్పులైన తల్లుల రక్తంలో ఈ అతుకును అడ్డుకునే యాంటీబాడీలు ఉన్నాయి. ఆఫ్రికా తల్లుల యాంటీబాడీలు ఆసియా నుంచి తెచ్చిన క్రిముల మీదా పనిచేశాయి. అంటే ప్రాంతం మారినా ఈ ముసుగులో పోలికలు ఉన్నాయన్నమాట. టీకా చేసేవాళ్లకు ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది? పని చేసే టీకా ఎలా ఉండాలో ఆ తల్లుల ఒంట్లోనే కనిపిస్తోంది.

2003లో కోపెన్‌హాగన్‌లో అలీ సలాంతి బృందం ఆ ప్రోటీన్‌ను పేరుతో సహా పట్టుకుంది: వీఏఆర్2సీఎస్ఏ. అక్కడి నుంచి టీకా రెండు మూడేళ్ల పని అనుకున్నవాళ్లు ఉంటే పొరబడ్డారు. అది చాలా పెద్ద ప్రోటీన్, మొత్తంగా తయారుచేయడం కష్టం. అందుకని మాయను పట్టుకునే ముక్కను మాత్రం కోసి టీకా చేశారు. ఒకటి డెన్మార్క్, జర్మనీ వాళ్లు చేసిన పామ్‌వాక్. జర్మనీలోని ట్యూబింగెన్, బెనిన్‌లోని కోటనూలలో 66 మందితో పరీక్షించారు. రెండోది ఫ్రాన్స్‌లో తయారైన ప్రిమ్‌వాక్, పారిస్, బుర్కినా ఫాసోలలో 68 మంది మహిళలతో. ఫలితాలు 2019, 2020ల్లో వచ్చాయి. రెండూ సురక్షితమే. యాంటీబాడీలూ బాగా పుట్టాయి. కాకపోతే ఏ రకం క్రిమి నుంచి ముక్క తీశారో దాని మీదే ఎక్కువగా పనిచేశాయి, వేరే రకాల మీద అంతంతమాత్రం. తల్లుల శరీరం అలవోకగా చేసే పనిని ప్రయోగశాల ముక్క చేయలేకపోయింది.

ఈలోగా గర్భిణులకు ఏం దొరుకుతోంది? దోమతెర, ఇంకా సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ అనే పాత మందు. జ్వరం ఉన్నా లేకపోయినా, నాలుగో నెల నుంచి పరీక్షలకు వచ్చినప్పుడల్లా కనీసం నెల ఎడంతో ఈ మాత్రలు మింగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో చెప్పింది. తూర్పు ఆఫ్రికాలో క్రిమి ఈ మందుకు బాగా మొండికేసింది. హెచ్‌ఐవీ వల్ల రోజూ కోట్రైమాక్సజోల్ వేసుకునే ఆడవాళ్లకు ఇది ఇవ్వకూడదు. మొదటి మూడు నెలల్లో అసలు ఎవరికీ ఇవ్వరు, మాయ ఏర్పడేది ఆ నెలల్లోనే. 2022లో ఆఫ్రికాలోని 33 దేశాల్లో సుమారు 1.27 కోట్ల గర్భాలకు మలేరియా తగిలిందని అదే సంస్థ అంచనా.

పిల్లలకు టీకా వచ్చేసింది. ఆర్‌టీఎస్,ఎస్‌ను 2021లో, ఆర్21ను 2023లో సిఫారసు చేశారు. రెండింటికీ మన దేశంతో లంకె ఉంది: రెండోది పుణె సీరం సంస్థ తయారీ, మొదటిదాని తయారీ పరిజ్ఞానం హైదరాబాద్ భారత్ బయోటెక్‌కు అందుతోంది. గర్భిణుల వంతు మాత్రం రాలేదు. థాలిడోమైడ్ మందు వేల మంది పిల్లల్ని అవయవ లోపాలతో పుట్టించినప్పటి నుంచి కడుపుతో ఉన్నవాళ్లను ప్రయోగాలకు దూరంగా ఉంచడం రివాజైంది. భయం న్యాయమైనదే. కానీ దాని వల్ల వాళ్లకు మందు ఎప్పుడూ అందరికంటే వెనకే అందుతోందని నా అభిప్రాయం.

మాలీలో జరిగిన ప్రయోగం ఈ చిక్కును చుట్టు తిరిగి దాటింది. అక్కడ వాడిన పీఎఫ్‌ఎస్‌పీజెడ్ టీకాకు మాయ ముసుగుతో పనిలేదు. దోమ లాలాజల గ్రంథుల్లోని క్రిములను రేడియేషన్‌తో బలహీనపరిచి నేరుగా నరంలోకి ఎక్కిస్తారు, కాలేయం దగ్గరే క్రిమిని ఆపడం దీని పని. త్వరలో గర్భం దాల్చాలనుకుంటున్న 300 మందిని ఎంచుకుని, ముందు మందులతో ఒంట్లోని క్రిమిని తుడిచి, నెల రోజుల్లో మూడు డోసులు ఇచ్చారు: కొందరికి తక్కువ మోతాదు టీకా, కొందరికి ఎక్కువ మోతాదు, మిగతావాళ్లకు పోలిక కోసం ఉత్తుత్తి సూది. 2024లో వచ్చిన ఫలితాల ప్రకారం, మూడో డోసు అయ్యాక 24 వారాల లోపు గర్భం దాల్చినవాళ్లకు ఇన్ఫెక్షన్ నుంచి తక్కువ మోతాదులో 65 శాతం, ఎక్కువ మోతాదులో 86 శాతం రక్షణ దొరికింది. రెండేళ్లలో గర్భం దాల్చిన అందరినీ కలిపి చూస్తే అది 57, 49 శాతం.

మన పాడేరు, అరకు వైపు ‘మన్యం జ్వరం’ కథ కాస్త వేరు. మలేరియా అంత దట్టంగా లేని చోట పెద్దవాళ్లకు ఆ తట్టుకునే శక్తి రాదు, కాబట్టి ఎన్నో కాన్పయినా తల్లికి ముప్పే. మాయ ముసుగును ఎరగని శరీరం ఇక్కడ తొలిచూలుదే కానక్కర్లేదు.

మాలీ టీకాకు ద్రవ నైట్రోజన్ చల్లదనం కావాలి, నరానికి ఇంజెక్షన్ చేసే చేయి కావాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. గర్భానికి ముందే వేయాలి, కానీ పల్లె ఆడపిల్ల ఆరోగ్య కేంద్రం గడప తొక్కేది చాలాసార్లు కడుపు కనిపించాకే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను 9 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు వేస్తున్నారు కదా, దాని వెంటే ఇదీ వేయొచ్చు. కాకపోతే పన్నెండేళ్లకు వేసిన సూది ఇరవై ఏళ్లకు వచ్చే తొలిచూలు దాకా కాపాడాలి. మాలీలో చూసింది రెండేళ్లే.