అడగకుండా వచ్చే డబ్బు ఆగినప్పుడు: బ్రిటన్ పెన్షనర్ల చలికాలపు సాయం, కౌన్సిళ్ల తిప్పలు

2024 జులై 29న బ్రిటన్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ పార్లమెంటులో ఒక ప్రకటన చేశారు. ఖజానాలో 2,200 కోట్ల పౌండ్ల లోటు కనిపించిందని, అందుకే పెన్షనర్లకు చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఇచ్చే వింటర్ ఫ్యూయల్ పేమెంట్ ఇకపై పేదలకే పరిమితమని చెప్పారు. అప్పటిదాకా కోటికి పైగా పెద్దవాళ్లకు అందుతున్న సాయం ఆ ఒక్క మాటతో దాదాపు 15 లక్షల మందికి కుదించుకుపోయింది.

ఈ సాయం 1997లో మొదలైంది. అప్పటి ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్ ఇంటికి 20 పౌండ్లు, బాగా పేదలకు 50 పౌండ్లు ఇస్తామన్నారు. మూడేళ్లలో అది 200 అయింది. 2003 నుంచి ఇంట్లో 80 ఏళ్లు దాటినవారు ఉంటే 300. తర్వాత కొన్నాళ్లు తాత్కాలికంగా పెంచారు గానీ, గ్యాస్ ధర ఎంత పెరిగినా అసలు మొత్తం మాత్రం అక్కడే ఉండిపోయింది. అయినా జనం దాన్ని అంతగా అంటిపెట్టుకోవడానికి కారణం, అడగక్కర్లేకపోవడం. స్టేట్ పెన్షన్ (ప్రభుత్వ వృద్ధాప్య పెన్షన్) తీసుకునేవారికి నవంబరు, డిసెంబరుల్లో ఆ డబ్బు దానంతటదే బ్యాంకు ఖాతాలో పడేది. తాము పేదవాళ్లమని ఎవరి ముందూ రుజువు చేసుకోవాల్సిన పని లేదు.

2024 నిబంధన ప్రకారం పెన్షన్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్న పెన్షనర్లకు ప్రభుత్వం ఇచ్చే అదనపు సాయం) లాంటివి పొందుతున్నవారికే ఈ డబ్బు వచ్చేది. ఒంటరిగా ఉండే మనిషికి పెన్షన్ క్రెడిట్ ఆదాయ పరిమితి గీత అప్పట్లో వారానికి 218.15 పౌండ్లు. పూర్తి కొత్త స్టేట్ పెన్షనేమో వారానికి 221.20. వేరే ఏ ఆదాయమూ లేకుండా ఆ పెన్షన్ మీదే బతికే మనిషి కూడా మూడు పౌండ్ల తేడాతో గీత అవతల పడిపోయాడు. గీతకు లోపలే ఉండి దరఖాస్తు చేసుకోనివాళ్లు 8 లక్షలకు పైనే ఉంటారని ప్రభుత్వమే అంచనా వేసింది. దరఖాస్తు ఫారంలో 243 ప్రశ్నలున్నాయని పత్రికలు లెక్కగట్టాయి. చూపు ఆనక, చేయి వణికే వయసులో ఒంటరిగా కూర్చుని అవన్నీ నింపమంటే ఎవరి వల్ల అవుతుంది?

ఇక్కడే భారం స్థానిక కౌన్సిళ్ల మీద పడింది. కౌన్సిల్ అంటే స్థూలంగా మన మున్సిపాలిటీ అనుకోవచ్చు. కానీ పెన్షనర్లకు అద్దె సాయం, కౌన్సిల్ ట్యాక్స్ (ఇళ్ల మీద వేసే స్థానిక పన్ను) తగ్గింపు, వృద్ధుల సంరక్షణ కూడా దాని పనే. కాబట్టి ఏ వీధిలో ఏ పెద్దాయన ఎంత ఆదాయంతో నెట్టుకొస్తున్నాడో దాని దగ్గర జాబితా ఉంటుంది. ఆ జాబితాలు పట్టుకుని, పెన్షన్ క్రెడిట్‌కు అర్హత ఉండీ తీసుకోనివాళ్లను వెతకడం చాలా కౌన్సిళ్లకు ఆ శరదృతువులో పెద్ద పనైంది. ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు, లైబ్రరీల్లో సిబ్బందిని కూర్చోబెట్టి ఫారాలు నింపించారు. పాత తేదీ నుంచి లెక్కగట్టడం మూడు నెలల వరకే కుదురుతుంది కాబట్టి ఆ ఏటి చలి డబ్బు రావాలంటే డిసెంబరు 21లోగా దరఖాస్తు పడాలి. టెన్షన్ అంతా ఆ తేదీ గురించే.

డబ్బు సంగతి మరీ ఇబ్బంది. 2021 అక్టోబరులో మొదలైన హౌస్‌హోల్డ్ సపోర్ట్ ఫండ్‌ను కేంద్రం 2025 మార్చి దాకా పొడిగించి, ఇంగ్లండ్ కౌన్సిళ్లకు 42.1 కోట్ల పౌండ్లు ఇచ్చింది. సెలవుల్లో పేద పిల్లల భోజనానికీ, కరెంటు బిల్లు కట్టలేని కుటుంబాలకూ వాడాల్సింది కూడా ఆ నిధే. అందులోంచే పెన్షనర్లకూ సర్దమనడం నాకు న్యాయంగా అనిపించదు. లండన్‌లోని టవర్ హామ్లెట్స్ కౌన్సిల్, సాయం కోల్పోయిన తక్కువ ఆదాయం పెద్దలకు తనే 175 పౌండ్లు ఇస్తానంది. అన్నిచోట్లా అలా కుదరదు. బర్మింగ్‌హామ్, నాటింగ్‌హామ్ కౌన్సిళ్లు 2023లోనే ఖర్చులు తట్టుకోలేమని చేతులెత్తేశాయి. వాటికి మిగిలింది కోత రద్దు చేయమని అడగడమే. చాలా కౌన్సిళ్లు అలా తీర్మానాలు చేశాయి కూడా. సెప్టెంబరు 10న పార్లమెంటు దిగువ సభ కామన్స్ మాత్రం 348-228 ఓట్లతో కోతనే నిలబెట్టింది. ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం తన ఖజానా నుంచి, సాయం కోల్పోయినవారికి ఒకసారికి 100 పౌండ్లు ఇచ్చింది.

2025 మే 1న ఇంగ్లండ్‌లో స్థానిక ఎన్నికలు జరిగాయి. అధికారంలో ఉన్న లేబర్ పార్టీ చిత్తుగా ఓడింది. ఇల్లిల్లూ తిరిగి ఓట్లడిగిన లేబర్ కార్యకర్తలకు గుమ్మం దగ్గర ఎదురైన మొదటి ప్రశ్నల్లో చలి డబ్బు ఒకటి. మూడు వారాల్లో ప్రధాని స్టార్మర్ వెనక్కి తగ్గారు. జూన్ 9న కొత్త లెక్క ప్రకటించారు: ఇంగ్లండ్, వేల్స్‌లో ఏడాదికి 35,000 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న పెన్షనర్లందరికీ, అంటే సుమారు 90 లక్షల మందికి సాయం తిరిగి వస్తుంది. అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్ల దగ్గర పన్ను ద్వారా వెనక్కి తీసుకుంటారు. ఎవరూ ఫారం నింపనక్కర్లేదు.

2024 చలికాలంలో డబ్బు అందనివారికి మాత్రం ఆ బకాయి ఇవ్వలేదు. పెన్షన్ క్రెడిట్ అందుకోని లక్షల మంది సమస్య కూడా అలాగే ఉంది. కొత్తగా దరఖాస్తు చేసేవారికి పెన్షన్ క్రెడిట్‌నూ అద్దె సాయాన్నీ ఒకేచోట చూసే ఏర్పాటు 2026 నుంచి మొదలుపెడతామని ప్రభుత్వం చెప్పింది. అప్పటిదాకా కౌన్సిల్ సిబ్బంది ఆ జాబితాలు పట్టుకుని తిరగాల్సిందే.