మూసీ ఒడ్డు మట్టికి రేడియేషన్ కొట్టిస్తే సీసం పోతుందా? అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఘట్‌కేసర్ వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. మూసీ పక్కన ఎకరంన్నర, సగంలో పాలకూర తోటకూర, సగంలో బర్రెలకి పారా గడ్డి. "సారూ, గామా కిరణాలు కొట్టిస్తే మట్టిల విషమంతా పోతదంట, ఒకాయన అడ్వాన్స్ అడుగుతుండు, ఇయ్యమంటరా?" అని. ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. మట్టి శుద్ధి నా పనే, గామా కొట్టిన సాంపిల్స్ రోజూ చూస్తా, అయినా చెప్తున్నా, పైసా ఇవ్వొద్దు.

అపోహ: రేడియేషన్‌తో సీసం, కాడ్మియం, క్రోమియం పోతాయి.

వాస్తవం: పోవు. సీసం చావడానికి క్రిమి కాదు, ముక్కలవడానికి పురుగుమందు కాదు, అది మూలకం. ఈ పనికి వాడే కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం నుంచి వచ్చే గామా శక్తి 1.17, 1.33 ఎంఈవీ (కిరణాల శక్తికి కొలమానం), అది పరమాణువుల మధ్య బంధాలు తెంపగలదు గానీ కేంద్రకాన్ని మార్చలేదు. కిలో మట్టిలో 200 మిల్లీగ్రాముల సీసం లోపలికెళ్తే 200 మిల్లీగ్రాములే బయటికొస్తుంది. ఇంకా నమ్మకం కుదరకపోతే ఇది చూడండి, కోబాల్ట్ సోర్స్ మోసుకొచ్చే పెద్ద డబ్బాకి కవచంగా వాడేదే సీసం, ఏళ్ల తరబడి గామా తింటూ కూడా అది సీసంగానే ఉంటుంది. కొత్తలో నేను కూడా 25 కిలోగ్రే (రేడియేషన్ డోసుకి కొలమానం) కొట్టిన మట్టికి మళ్లీ మెటల్స్ టెస్ట్ పెట్టా, మా సీనియర్ రిపోర్ట్ చూసి "ఏమయ్యా, సీసం చచ్చిందా?" అని వారం రోజులు ఆడుకున్నాడు.

ఈ పుకారు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. అహ్మదాబాద్‌లో కోబాల్ట్-60తో మురుగు స్లడ్జ్‌ని, అంటే మురుగునీటి అడుగున మిగిలే బురదని, శుద్ధి చేసే ప్లాంట్ ఉంది, రోజుకి 100 టన్నుల కెపాసిటీ, బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) టెక్నాలజీ. వడోదరలో అయితే 1992 నుంచే ఈ పని నడిచింది. మంచి పనే, కానీ అక్కడ పోయేది రోగక్రిములు. స్లడ్జ్‌లో లోహాలు ఎంతున్నాయో విడిగా చూసుకోవాల్సిందే. వాట్సాప్‌లోకి వచ్చేసరికి "క్రిములు" కాస్తా "విషమంతా" అయిపోయింది.

పీసీబీలు (పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన క్లోరిన్ రసాయనాలు), కొన్ని పురుగుమందుల సంగతి వేరు, తడి మట్టిలో రేడియేషన్ నీటిని విడగొడితే పుట్టే రాడికల్స్ (దేనితోనైనా చటుక్కున రియాక్ట్ అయ్యే కణాలు) వాటిని కొంతవరకు విరగ్గొడతాయి. కాకపోతే క్రిములకి సరిపోయే డోసు వాటికి చాలదు, చాలా రెట్లు కావాలి.

మిగతావి గబగబా. మెషీన్ మీ పొలానికి రాదు, మట్టినే తవ్వి మెషీన్ దగ్గరికి మోయాలి, ఎకరం అడుగు లోతు అంటే సుమారు 1,700 టన్నులు, లారీలు లెక్కేసుకోండి. 10 ఎంఈవీ ఎలక్ట్రాన్ బీమ్ కూడా మట్టిలో మూడు నాలుగు సెంటీమీటర్లకి మించి దిగదు. గామా తగిలిన మట్టి రేడియోధార్మికం అయిపోతుందని భయపడేవాళ్లున్నారు, కాదు, ఆ ఎనర్జీ దానికి చాలదు, భయపడొద్దు. క్రిములు చచ్చాయని సంబరం కూడా వద్దు, మళ్లీ మూసీ నీళ్లు పెడితే అన్నీ తిరిగొస్తాయి.

పెద్దాయనకి చెప్పింది ఇంతే: ముందు ఆకుకూరలు ఆపు, ఆకుల్లోకే కాడ్మియం బాగా ఎక్కుతుంది, రిపోర్ట్ వచ్చేదాకా బంతిపూలు వేసుకో. మొత్తం లోహంతో పాటు డీటీపీఏ టెస్ట్ కూడా అడుగు, మొక్కకి అందేది ఎంతో అందులో తెలుస్తుంది. సున్నం వేయమని ఎవరో చెప్పారట, పీహెచ్ చూడకుండా వేయకు, మన దగ్గర చాలా నేలలు ముందే క్షారం.

"మరి గడ్డి?" అన్నాడు. పాలు మనవళ్లు కూడా తాగుతారట. అది ఫోన్లో చెప్పేది కాదు, సోమవారం ఒక గడ్డి కట్ట, మట్టి తెమ్మన్నా. పది చోట్ల జానెడు లోతు నుంచి తీసి కలపాలి, తుప్పు పారతో కాదు చెక్కతో గీకి, కొత్త ప్లాస్టిక్ సంచిలో, యూరియా సంచిలో మాత్రం వద్దు.