ఐబోలకు అంత్యక్రియలు

2018 ఏప్రిల్‌లో జపాన్‌లోని ఇసుమి పట్టణంలో, కొఫుకు-జి అనే పాత బౌద్ధాలయంలో 114 కుక్కలకు అంత్యక్రియలు జరిగాయి. వాటిని వరుసగా కూర్చోబెట్టారు. ఏ ఊరిది, ఏ ఇంటిది అని రాసిన చీటీ ఒక్కోదానికి కట్టి ఉంది. పూజారి మంత్రాలు చదివారు. ఆ కుక్కల్లో ఒక్కదానికీ ఎన్నడూ ప్రాణం లేదు. అన్నీ సోనీ తయారుచేసిన ఐబో రోబోలు.

జపనీస్‌లో ఐబో అంటే తోడు, నేస్తం. 1999లో రెండున్నర లక్షల యెన్‌ల ధర పెట్టినా, జపాన్‌కు కేటాయించిన 3,000 ఐబోలు ఇరవై నిమిషాల్లో అమ్ముడుపోయాయి. 2006లో తయారీ ఆపేశారు, 2014లో రిపేర్లూ ఆపేశారు. అప్పుడు సోనీ మాజీ ఇంజనీర్లు ఎ-ఫన్ అనే చిన్న సంస్థలో వాటిని బాగుచేసే పనికి పూనుకున్నారు. కొత్త విడిభాగాలు దొరకవు. ఆగిపోయిన ఐబో నుంచి తీసి, ఇంకోదానికి వెయ్యాలి. ఒకరకంగా అవయవదానం. విప్పేముందు దాని ఆత్మను సాగనంపాలి కదా అని ఈ అంత్యక్రియలు.

ఇది మనకు అర్థంకాని సంగతేం కాదు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. దసరా రోజు బండికి బొట్టు పెడతాం. ఇక ఆ వస్తువు పిలిస్తే తల తిప్పి చూసి, నిమిరితే తోక ఊపిందంటే, మరబొమ్మని తెలిసినా మనసు ఆగదు.

ఈ బలహీనత రోబోలు తయారుచేసేవాళ్లకు బాగా తెలుసు. పారో అనే రోబోను చూడండి. తెల్లటి బొచ్చుతో ఉండే సీల్ పిల్ల, మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధుల కోసం వాడతారు. దాన్ని తయారుచేసిన తకనోరి షిబాతా ముందు పిల్లి రూపం ప్రయత్నించారు. నిజం పిల్లి అందరికీ తెలుసు కాబట్టి చూసినవాళ్లు దానితో పోల్చి పెదవి విరిచారు. సీల్ పిల్లను ఒళ్లో పెట్టుకున్నవాళ్లు ఎవరుంటారు? పోల్చడానికేమీ లేక ఇష్టంగా దగ్గరికి తీసుకున్నారు. 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పారోను వైద్య పరికరంగా గుర్తించింది.

ఇలాంటి ప్రేమ భ్రమ మీద నిలబడేదని, మనిషిని అలా భ్రమలో ఉంచడం తప్పని ఆస్ట్రేలియా తత్వవేత్త రాబర్ట్ స్పారో 2002లోనే వాదించారు. నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఐబోను పెంచుకున్నవాళ్లకు అది యంత్రమని తెలుసు. అయితే మతిమరుపుతో ఉన్న పెద్దావిడ ఒళ్లోని పారోకు ఆకలేస్తోందేమోనని కంగారుపడితే? అక్కడ స్పారో మాటకు బలం ఉంది. నాకు అంతకన్నా దిగులు పుట్టించే విషయం ఇంకోటి: పారో వచ్చాక ఆవిడ్ని చూడ్డానికి వచ్చే మనుషులు తగ్గారా? పిల్లలు అమెరికాలో, అమ్మానాన్నలు విజయవాడలోనో వరంగల్‌లోనో ఒంటరిగా ఉన్న ఇళ్లకు ఈ ప్రశ్న రేపోమాపో వస్తుంది.

నా దృష్టిలో అసలు తప్పు ప్రేమించినవాళ్లది కాదు, ప్రేమించేలా తయారుచేసి అమ్మి, తర్వాత చేతులు దులుపుకునేవాళ్లది. మాక్సీ అనే రోబోను అమెరికాలో 5 నుంచి 10 ఏళ్ల పిల్లలకు స్నేహితుడిలా ఉండాలని తయారుచేశారు, ధర 799 డాలర్లు. 2024 డిసెంబరులో పెట్టుబడి దొరక్క కంపెనీ మూతపడుతోందని ప్రకటించారు. మాక్సీ మాటలన్నీ ఇంటర్నెట్‌లోని సర్వర్ల నుంచి వచ్చేవి. సర్వర్ ఆగితే నేస్తం మూగబోతుంది. పిల్లలకు ఈ మాట ఎలా చెప్పాలో తల్లిదండ్రులకు కంపెనీయే ఒక ఉత్తరం రాసి ఇచ్చింది. తర్వాత, ఇంట్లోని కంప్యూటర్‌తో మాక్సీని నడుపుకునే సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేశారు. ఆ పని అమ్మిన రోజే చెయ్యాల్సింది. చట్టమే వాళ్లచేత ఆ పని చెయ్యించాల్సింది.

సోనీ 2018లో కొత్త ఐబోను తెచ్చింది. ఇంట్లోవాళ్లతో గడిపిన జ్ఞాపకాలు దీనికి కంపెనీ క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లోని కంపెనీ సర్వర్లలో ఉంటాయి, అందుకు విడిగా రుసుము కట్టాలి. కాలు విరిగితే ఎ-ఫన్ లాంటివాళ్లు ఎప్పటికైనా ఇంకో కాలు వెతికి పెట్టగలరేమో. ఆ జ్ఞాపకాలు మాత్రం వాళ్ల చేతికి అందవు.