అవార్డెంత, అంగడెంత?

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

డిసెంబరు రెండో వారానికి మన డెల్టాలో ఒకపక్క సార్వా కుప్పనూర్పిళ్ళు, ఇంకోపక్క దాళ్వా నారుమళ్ళు. మీ ఫోన్లలో మాత్రం వేరే హడావుడి: ద గేమ్ అవార్డ్స్, అంటే ఏటా వీడియో గేములకి అవార్డులిచ్చే వేడుక. లాస్ ఏంజెలెస్‌లో గురువారం సాయంత్రం ఐదింటికి మొదలైతే మనకి శుక్రవారం పొద్దున్న 6.30 అవుతుంది. మూడు గంటల పైమాటే. అంటే స్కూలు బస్సు వచ్చి వెళ్ళిపోయినా అసలు అవార్డు ఇంకా రాదు. అంతసేపు చూస్తే చేతికొచ్చేదేమిటని అడిగే పిల్లలకే ఈ ఉత్తరం. ఆటలు ఆడొద్దని చెప్పడానికి కాదు, ఆ పని మీ ఇళ్ళల్లో ఎలాగూ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు.

ఈ వేడుకలు కొత్తవేం కాదు. 1994 నవంబరు 5న అమెరికాలో టీబీఎస్ చానల్ 'సైబర్‌మేనియా 94' పేరుతో వీడియో గేములకి అవార్డులిచ్చి ప్రసారం చేసింది. హాస్యనటుడు లెస్లీ నీల్సన్ వ్యాఖ్యాత, మొత్తమ్మీద ఉత్తమ గేమ్ మోర్టల్ కంబాట్. తర్వాత 2003 నుంచి స్పైక్ టీవీ ఏటా చేసింది. 2013లో వీజీఎక్స్ అని పేరు మార్చి, అభాసుపాలై ఆపేసింది. అందులో పనిచేసిన జెఫ్ కీలీ 2014లో సొంతంగా పెట్టిందే ఇప్పుడు మీరు చూసేది. చానల్‌తో పనిలేకుండా యూట్యూబ్‌లో, ట్విచ్‌లో ఉచితంగా వస్తుంది. టీవీని వదిలేశారు గానీ టీవీ లెక్కని మాత్రం వదల్లేదు. చూసేవాడికి ఉచితం అన్నప్పుడు డబ్బులు ఇంకెవరో కట్టాలి కదా.

కట్టేది మధ్యమధ్యలో తమ కొత్త గేముల ట్రైలర్లు వేయించుకునే కంపెనీలవాళ్ళు. ఇదే కీలీ జూన్‌లో నడిపే సమ్మర్ గేమ్ ఫెస్ట్ రేట్లు 2024లో పత్రికలకెక్కాయి: ఒక నిమిషం ట్రైలర్‌కి 2,50,000 డాలర్లు, రెండున్నర నిమిషాలకి 5,50,000. మన లెక్కలో నిమిషానికి రెండు కోట్ల రూపాయల పైచిలుకు. కొన్ని చోట్లు డబ్బు తీసుకోకుండా కూడా ఇస్తారు, చిన్న స్టూడియోలకి అదే పెద్ద వరం. కానీ ఏది కొన్న చోటో, ఏది పిలిచి ఇచ్చిన చోటో తెరమీద రాయరు. డిసెంబరు వేడుకకీ ఇదే పద్ధతి. దిన పత్రికలో ప్రకటన వేస్తే మూలన చిన్న అక్షరాలతోనైనా 'ప్రకటన' అని ఉంటుంది. ఇక్కడ వ్యాఖ్యాత గొంతు మార్చకుండా, అవార్డుని ప్రకటించిన ఉత్సాహంతోనే ట్రైలర్‌నీ ప్రకటిస్తాడు. నాకు నచ్చనిది ఆ ఒక్క గొంతే.

నిమిషానికి అంత ధర పలికే చోట కృతజ్ఞతలు చెప్పుకోవడం ఖర్చయిపోతుంది. 2022లో క్రిస్టఫర్ జడ్జ్ అనే నటుడు దాదాపు ఎనిమిది నిమిషాలు మాట్లాడాడు. మరుసటి ఏడాది గెలిచినవాళ్ళకి అర నిమిషం గడవగానే ఎదురుగా తెరమీద 'దయచేసి ముగించండి' అని అక్షరాలు వెలిగాయి. గేమ్ ఆఫ్ ది ఇయర్ గెలిచిన బల్డర్స్ గేట్ 3 దర్శకుడు స్వెన్ విన్కే చనిపోయిన తన సహోద్యోగిని తలుచుకుంటున్నప్పుడు కూడా ఆ అక్షరాలు ఆగలేదు. ఇంకా కొన్ని అవార్డులనైతే వేదిక మీదకి ఎవర్నీ పిలవకుండా ఊపిరి తీసుకోకుండా చదివేశారు. పెళ్ళిలో కేటరింగ్ వాడి ప్రకటన పది నిమిషాలు, తలంబ్రాలు అర నిమిషం అయితే ఎలా ఉంటుందో చూసుకోండి. విమర్శలొచ్చాక 2024లో కొంత వెసులుబాటు ఇచ్చారు, అది ఒప్పుకోవాలి.

ఇక తీర్పు సంగతి. దీన్ని కాస్త నిదానంగా చదవండి.

మన జిల్లాల్లో పరిషత్తు నాటక పోటీలు చూసే ఉంటారు. న్యాయనిర్ణేతలు ముందు వరుసలో కూర్చుంటారు. గంట నాటికైతే గంటా చూస్తారు. అదే వేదిక, అవే లైట్లు, ఆఖరి నాటిక తెర పడ్డాకే మార్కులు కూడతారు. ఫలితం నచ్చకపోతే తిట్టుకోవచ్చు గానీ, 'వాళ్ళు చూడకుండానే మార్కులేశారు' అని మాత్రం ఎవరూ అనలేరు.

గేమ్ అవార్డ్స్ జ్యూరీ అంటే ప్రపంచమంతా ఉన్న వందకు పైగా పత్రికలు, వెబ్‌సైట్లు, చానళ్ళు. మొదటి విడతలో ఒక్కో సంస్థ ఒక్కో విభాగానికి ఐదు గేముల పేర్లు పంపుతుంది. ఎక్కువమంది రాసినవి నామినేషన్లవుతాయి. రెండో విడతలో వాటికి ఓట్లు. ఇందులో దొంగతనమేమీ లేదు. సోనీ, నింటెండో, మైక్రోసాఫ్ట్‌లాంటి కంపెనీల పెద్దలు సలహా మండలిలో ఉన్నారు గానీ వాళ్ళకి ఓటు లేదని నిర్వాహకులే చెప్తారు. చిక్కు గడియారంతో వస్తుంది. 2023 ఉదాహరణ తీసుకోండి. అలన్ వేక్ 2 అక్టోబరు 27న విడుదలైంది, నామినేషన్లు నవంబరు 13న వచ్చాయి. మధ్యలో 17 రోజులు. అక్టోబరు 20న ఒకేరోజు స్పైడర్‌మ్యాన్ 2, సూపర్ మారియో బ్రదర్స్ వండర్ వచ్చాయి. అప్పటికే జ్యూరీ ముందు జెల్డా కొత్త గేమూ, బల్డర్స్ గేట్ 3 కూడా ఉన్నాయి. ఈ రెంటిలో ఒక్కోటి కథ ముగించాలంటేనే యాభై గంటలు దాటాలి, రెండోదానికి వంద పట్టినా ఆశ్చర్యం లేదు. ఉద్యోగం చేసుకుంటూ ఇవన్నీ చివరిదాకా ఆడినవాళ్ళు ఎంతమంది ఉంటారు? అందుకే మిగిలిన విభాగాల్లో బాగా పేరు మోగిన గేమే మళ్ళీ మళ్ళీ కనపడుతుంది. ఆడనిదానికి ఓటు పడదు, నిశ్శబ్దంగా మంచి సంగీతం చేసిన గేమ్ 'ఉత్తమ సంగీతం' దాకా రాకుండానే ఆగిపోతుంది.

మీ ఓటు విలువ ఎంతో కూడా చూద్దాం. జ్యూరీకి 90 శాతం, ప్రజలకి 10 శాతం. 'అ' అనే గేమ్‌కి జ్యూరీలో 40 శాతం, ప్రజల్లో 20 శాతం వచ్చాయనుకోండి. 36 ప్లస్ 2, మొత్తం 38. 'ఆ' గేమ్‌కి జ్యూరీలో 35, ప్రజల్లో 60 అనుకోండి. 31.5 ప్లస్ 6, మొత్తం 37.5. ప్రజల ఓట్లు మూడింతలు వచ్చినా ఓడిపోయింది. ఇలా పెట్టడానికీ కారణముంది. ప్రజల ఓటు మాత్రమే అయితే ఏ గేమ్‌కి అభిమాన సంఘం పెద్దదో అదే గెలుస్తుంది. సినిమా హీరోల ఫ్లెక్సీలు చూసే మనకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పూర్తిగా అభిమానులదే అయిన విభాగం ఒకటి విడిగా ఉంది, ప్లేయర్స్ వాయిస్. 2024లో అక్కడ బ్లాక్ మిత్: వూకాంగ్ గెలిచింది, గేమ్ ఆఫ్ ది ఇయర్ మాత్రం ఆస్ట్రో బాట్‌కి వెళ్ళింది. కాబట్టి రోజూ ఓటేయమని ఎవరో వీడియోలో అరుస్తుంటే, ఏ విభాగానికో ముందు చూడండి.

విభాగాల పేర్లనీ నమ్మేయకండి. 'ఇండిపెండెంట్' అంటే చిన్నవాళ్ళు సొంతంగా చేసుకున్నదని మనం అనుకుంటాం. 2023లో ఆ వరుసలో డేవ్ ద డైవర్ నిలబడింది. దాన్ని చేసిన మింట్‌రాకెట్ కొరియాలో నెక్సాన్ అనే పెద్ద కంపెనీ శాఖే. బొమ్మ చిన్న గేమ్‌లా ఉంటే చాలు అనుకున్నారో ఏమో.

ఇక చూసినవాళ్ళ సంఖ్య. 2023లో 11.8 కోట్లు, 2024లో 15.4 కోట్లు అని ప్రకటించారు. రొయ్యల చెరువులున్న ఇళ్ళ పిల్లలకి కౌంట్ అంటే తెలుసు: 30 కౌంట్ అంటే కిలోకి ముప్ఫై. ఆ కిలో అన్న మాట తీసేస్తే 30కి అర్థమే లేదు. ఇక్కడ లెక్కపెట్టింది మనుషుల్ని కాదు, లైవ్‌స్ట్రీమ్‌లని. ఒకే పిల్లాడు ఫోన్లో కాసేపు, టీవీలో కాసేపు చూస్తే ఆ లెక్కలో ఏమవుతాడో ఆలోచించండి.

మరి దీనితో మీకు పనికొచ్చేదేమీ లేదా అంటే, ఉంది. నామినేషన్ల జాబితా. గెలిచినవాడి కన్నా ఆ వరుస ముఖ్యం. 2020లో పుణె వాళ్ళు చేసిన 'రాజీ' అనే గేమ్ ఉత్తమ తొలి ఇండీ వరుసలో నిలిచింది. 2023లో అదే వరుసలో 'వెంబా' వచ్చింది. కెనడాలో స్థిరపడిన తమిళ కుటుంబం కథ, చిరిగిపోయిన వంటల పుస్తకం ఆధారంగా వండుకుంటూ పోవాలి. మొదటి వంట ఇడ్లీయే. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి ఏ వరసలో పెట్టాలో కనుక్కోవడమే చిక్కుముడి, మీ అమ్మమ్మని పక్కన కూర్చోబెట్టుకుంటే నిమిషంలో అయిపోతుంది. అక్కడ గెలవలేదు గానీ, 2024లో బ్రిటన్ బాఫ్టా వాళ్ళు దానికే ఉత్తమ తొలి గేమ్ ఇచ్చారు. బాఫ్టాలో ఆ సంస్థ సభ్యులు ఓటేస్తారు, చాలా విభాగాల్లో చివరి తీర్పు జ్యూరీలది. ఫిబ్రవరిలో లాస్ వేగాస్‌లో జరిగే డైస్ అవార్డుల్లో ఓటేసేది గేములు తయారుచేసేవాళ్ళే, 1998 నుంచీ ఉన్నాయవి. వడ్రంగి పనిని వడ్రంగి మెచ్చుకోవడం లాంటిది. గేములు చేయడం నేర్చుకోవాలనుకునే పిల్లలు ఆ జాబితాలే తిరగేయండి.

చూసే పద్ధతి చెప్తాను. లైవ్ వదిలేయండి. 720పీలో మూడు గంటలంటే మూడు నాలుగు జీబీ, రోజుకి రెండు జీబీ ప్యాక్ పొద్దున్నే ఖాళీ. సాయంత్రానికి విజేతల జాబితా దొరుకుతుంది, ట్రైలర్లు విడివిడిగా దొరుకుతాయి. ట్రైలర్ అడుగున చిన్న అక్షరాలు చదవండి. 'నాట్ యాక్చువల్ గేమ్‌ప్లే' అని ఉంటే అది బొమ్మల సినిమా, ఆట కాదు. 'ఇన్ ఇంజిన్' అంటే గేమ్ సరుకుతోనే చేశారు, కానీ అలా ఆడతారని కాదు. చేతిలో కంట్రోలర్‌తో తిప్పుతున్నట్టు తెరమీద ప్రాణం గీత, చిన్న మ్యాపు కనిపిస్తేనే ఆటని చూస్తున్నట్టు.

నచ్చితే కొనకండి, విష్‌లిస్ట్‌లో పెట్టండి. ముందస్తుగా డబ్బు కట్టడం అసలే వద్దు, డౌన్‌లోడ్ సరుకు అయిపోవడమంటూ ఉండదు. స్టోర్ పేజీలో కింద 'సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్' చూడండి. బల్డర్స్ గేట్ 3కి 150 జీబీ ఖాళీ ఉండాలి, అదీ ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కు మీద. రోజుకి రెండు జీబీ చొప్పున ఎన్ని రోజులో లెక్కేసుకోండి: 75. 2024లో గేమ్ ఆఫ్ ది ఇయర్ వరుసలో నిలిచిన బలాట్రోకి కావాల్సింది 150 ఎమ్‌బీ. ఒక్క మనిషి చేసిన గేమ్ అది, ఫోన్లో కూడా నడుస్తుంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల అంగడిలో కొన్నది నచ్చకపోతే 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందు అడిగితే డబ్బు వెనక్కిస్తారు. ఆ రెండు గంటల్లో పాత్రకి జుట్టు దువ్వుతూ కూర్చోకుండా, గొడవ ఎక్కువుండే ఘట్టందాకా వెళ్ళి బొమ్మ ఆగి ఆగి వస్తోందేమో, కంప్యూటర్ కాగిపోతోందేమో చూడండి.

వయసు గుర్తు కూడా చూడాలి. గెలిచిన గేముల్లో చాలావాటి మీద పెగీ 18 ఉంటుంది, పెగీ అంటే యూరప్‌వాళ్ళు వేసే వయసు గుర్తు. ద విచర్ 3, ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2, బల్డర్స్ గేట్ 3 అన్నీ పెద్దవాళ్ళవే. గుర్తే సర్వస్వం అనుకోవద్దు: పేకాట బొమ్మలున్నాయని బలాట్రోకి 18 వేసి, 2025లో 12కి దించారు. ఆస్ట్రో బాట్‌లాంటివి ఇంటిల్లిపాదీ ఆడొచ్చు, కాకపోతే దానికి సోనీవాళ్ళ గేమ్ యంత్రం పీఎస్5 కావాలి.

ఒక మాట మరిచాను. వేడుక జరిగేటప్పుడు చాట్‌లో 'ఉచిత స్కిన్లు (ఆటలో పాత్రలకి వేసే వేషాలు), లింకు నొక్కండి' అని వస్తాయి. అసలు వేడుక పేరుతో దొంగ లైవ్‌లు కూడా నడుస్తాయి. 2022లో స్టీమ్ నిజంగానే నిమిషానికో స్టీమ్ డెక్ (చేత్తో పట్టుకుని ఆడుకునే యంత్రం) పంచింది, కానీ మన దేశంవాళ్ళకి ఆ అర్హత లేదు. లాగిన్ అడిగే ఏ లింకులోనూ మీ నాన్న ఫోన్ నంబరుగానీ, ఓటీపీగానీ కొట్టకండి.

వెంబా ఆడినవాళ్ళు ఆ ఇడ్లీ చిక్కుముడి అమ్మమ్మ విప్పిందో, మీరే విప్పారో రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య