మడత పడిన లైను ఎక్కడ మొదలవ్వాలి?

కోడ్ ఎడిటర్‌లో ఒక పొడవైన లైను స్క్రీన్ అంచు దాకా వెళ్లి, చోటు చాలక కింది వరుసలోకి దిగిందనుకోండి. ఆ దిగిన ముక్క ఎక్కడ మొదలవ్వాలి? స్క్రీన్ ఎడమ అంచునా, పై వరుస మొదలైన చోటికి సరిగ్గా కిందనా? దశాబ్దాల పాటు చాలా ఎడిటర్లు ఎడమ అంచునే పడేశాయి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక ఫంక్షన్, అందులో ఒక లూపు, ఆ లూపులో ఒక ఇఫ్ ఉంటే, మెట్టుకి నాలుగు స్పేసుల చొప్పున లోపలి లైను 12 స్పేసుల తర్వాత మొదలవుతుంది. అది మడత పడి మిగతా సగం ఎడమ అంచుకి అంటుకుంటే, ఫంక్షన్ బయట ఎవరో రాసిన కొత్త లైనులా కనిపిస్తుంది. పైథాన్‌లో ఇండెంటేషన్‌ని, అంటే లైను ముందు వదిలే ఖాళీని బట్టే ప్రోగ్రాం అర్థం మారుతుంది. రాసినవాళ్లు జాగ్రత్తగా పెట్టిన ఆ అర్థాన్ని ఎడిటర్ చూపించేటప్పుడు చెరిపేస్తోంది. ఇది సరిదిద్దడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో తెలియాలంటే, ప్రోగ్రాంని రంధ్రాలుగా కొట్టిన పంచ్ కార్డుల దాకా వెనక్కి వెళ్లాలి.

అప్పట్లో లైను చేత్తో పట్టుకోగలిగే వస్తువు. ఐబీఎం 1928లో తెచ్చిన కార్డులో 80 కాలమ్‌లు. ఒక కార్డు, ఒక లైను. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాం వాక్యాన్ని 7 నుంచి 72వ కాలమ్ లోపల సర్దాలి. పట్టకపోతే తర్వాతి కార్డు తీసుకుని, దాని 6వ కాలమ్‌లో సున్నా కాని ఏదో ఒక గుర్తు కొట్టాలి. ఇది కొత్త వాక్యం కాదు, పై దానికి కొనసాగింపు అని దాని అర్థం. పద్ధతి మోటుగా ఉన్నా అందులో ఒక నిజాయితీ ఉంది. కొనసాగింపు అన్న సంగతి రాతలోనే ఉండేది. చదివే మనిషికీ, ప్రోగ్రాంని యంత్ర భాషలోకి మార్చే కంపైలర్‌కీ అదే గుర్తు.

తెర, కీబోర్డు ఉన్న టెర్మినళ్లు వచ్చాక ఆ గుర్తు పోయింది. 1978 నాటి వీటీ100లో 80 కాలమ్‌లు, 24 వరుసలు. ఆటోర్యాప్ ఆన్‌లో ఉంటే 81వ అక్షరాన్ని కింది వరుస మొదటి కాలమ్‌లో పెట్టేది, అంతే. దానికి ఇండెంట్ అంటే ఏమిటో తెలీదు, స్పేస్ కూడా మరో అక్షరమే. 1976లో బిల్ జాయ్ రాసిన వీఐ ఎడిటర్ కూడా పొడవైన లైనుని అలాగే చూపించింది. మాట మధ్యలో విరిగినా సరే, వరుస నిండగానే కిందికి. పైగా అందులో జె నొక్కితే కర్సర్ ఫైల్‌లోని తర్వాతి లైనుకి దూకుతుంది. ఒకే లైను స్క్రీన్ మీద ఐదు వరుసలు ఆక్రమిస్తే, ఆ ఐదింటినీ ఒక్క గెంతులో దాటేస్తుంది. మధ్యలో ఉన్న మాట దగ్గరికి పోవాలంటే అడ్డంగా పోవాల్సిందే. ఫైల్‌లోని లైను వేరు, తెర మీది వరుస వేరు అన్న తేడా వాడేవాళ్లకి మొదట తగిలింది ఇలాంటి చోటే. తర్వాత వీఐకి వారసుడైన విమ్ ఎడిటర్‌లో తెర మీది వరుసల వెంట కదలడానికి జీజే, జీకే అనే జంట కమాండ్లు వచ్చాయి.

వర్డ్ ప్రాసెసర్ల వాళ్లు ఇదే సమస్యని ఇంకోవైపు నుంచి పట్టుకున్నారు. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్ లైనుని తనే విరిచేది, కానీ విరిచిన చోట ఫైల్‌లో వేరే కోడ్ రాసేది. మనం ఎంటర్ కొడితే ఒక కోడ్, అది విరిస్తే అదే కోడ్‌లో పై బిట్ పెట్టిన మరో కోడ్. దాంతో పేరా మార్చినప్పుడు ఏ విరుపు మనిషిది, ఏది యంత్రానిది అని తేలిగ్గా తెలిసిపోయేది. ఉత్త టెక్స్ట్ ఫైల్‌కి ఆ సౌకర్యం లేదు. ఈమెయిల్ అక్కడే ఇరుక్కుంది. లైను 998 అక్షరాలు దాటకూడదు, వీలైతే 78 లోపే ఉంచాలి అని ప్రమాణం చెప్పింది. అలా ముందే విరిచి పంపిన ఉత్తరాన్ని చిన్న స్క్రీన్ మీద తెరిస్తే ఒక పొడుగు వరుస, ఒక పొట్టి వరుస, మళ్లీ పొడుగు, మళ్లీ పొట్టి. 2004 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3676 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దీనికి చూపిన ఉపాయం చాలా తెలివైనది. లైను చివర ఒక స్పేస్ ఉంటే అది మెత్తటి విరుపు, చదివే ప్రోగ్రాం కలిపేసుకోవచ్చు. లేకపోతే రాసినవాళ్ల ఉద్దేశం, ముట్టుకోకూడదు.

ప్రోగ్రామర్లు ఇంతలో తమ దారి తాము చూసుకున్నారు. ఎడిటర్ మడత సరిగా వేయదు కాబట్టి మడతే పడకుండా ముందే ఎంటర్ కొట్టేయడం. పైథాన్ శైలి నియమాల్లోని 79 అక్షరాల హద్దుకి కారణం చెబుతూ, ఎడిటర్లు మామూలుగా వేసే మడత కోడ్ రూపాన్ని చెడగొడుతుందని ఆ నియమాలే రాశాయి. లైనక్స్ కెర్నల్ కోడ్‌ని తనిఖీ చేసే స్క్రిప్టులో 80గా ఉన్న హద్దు 2020లో 100 అయింది. అడ్డదిడ్డంగా విరిచిన లైన్లు చదవడానికి ఇంకా కష్టం అన్నది లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ వాదన.

ఇలా చేత్తో విరవడానికి ఒక ఖరీదు ఉంది. పది లైన్ల పేరాలో రెండో లైనులో ఒక మాట చేర్చి, అంచులు సర్దండి. కింద ఉన్న ఎనిమిది లైన్లూ కదులుతాయి. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ తేడాని లైన్ల వారీగానే లెక్కిస్తుంది కాబట్టి, మారింది ఒక్క మాటే అయినా సమీక్షించేవాళ్లకి పేరా మొత్తం మారినట్టు కనిపిస్తుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త బ్రయన్ కెర్నిఘన్ 1974లోనే యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంకి కొత్తవాళ్లకి ఒక సలహా ఇచ్చాడు: ప్రతి వాక్యాన్నీ కొత్త లైనులో మొదలుపెట్టండి అని. ఇప్పటికీ ఉత్త టెక్స్ట్‌లో రాసేవాళ్లకి ఇంతకన్నా మంచి సలహా నాకు కనిపించలేదు. అయితే పొడుగు వాక్యం వస్తే లైనూ పొడుగవుతుంది, అప్పుడు మడత బాధ్యత మళ్లీ ఎడిటర్ మీదే పడుతుంది.

మడత ముక్కకి ఇండెంట్ పెట్టడం వినడానికి తేలికే, రాయడానికి కాదు. ఎడమ అంచు నుంచి మొదలయ్యే పద్ధతిలో ఒక అక్షరం ఏ వరుసలో ఉందో ఒక్క భాగహారంతో తేలిపోతుంది. 80 వెడల్పులో 200వ అక్షరం మూడో వరుసలో, 40వ స్థానంలో ఉంటుంది. అదే కింది వరుసలన్నీ 12 స్పేసులు లోపలికి జరిగితే, వాటిలో పట్టేవి 68 అక్షరాలే. కర్సర్ కదలిక, మౌస్ క్లిక్, ట్యాబ్ వెడల్పు, స్క్రోలింగ్, ప్రతి చోటా ఆ లెక్క మార్చాలి. ఒక్క చోట తప్పినా కర్సర్ ఒక దగ్గర, టైపు చేసిన అక్షరం ఇంకో దగ్గర. విమ్‌లో బ్రేక్‌ఇండెంట్ అనే ఈ సౌకర్యం ఏళ్ల తరబడి బయటి ప్యాచ్‌గానే, అంటే విడిగా అతికించుకునే కోడ్‌గానే తిరిగింది, చివరికి 2014లో 7.4.338 ప్యాచ్‌గా అసలు ప్రోగ్రాంలో కలిసింది. వీఐ పుట్టిన 38 ఏళ్లకి.

ఈమాక్స్ అనే మరో పాత ఎడిటర్‌ది ఇంకా నెమ్మది నడక. 2009 నాటి 23వ వెర్షన్‌లో మాటల దగ్గర మడత వేసే విజువల్ లైన్ మోడ్ వచ్చింది. ఇండెంట్‌తో మడత కావాలంటే విడిగా ప్యాకేజీ పెట్టుకోవాల్సి వచ్చేది. అది ఈమాక్స్‌లోనే భాగం అయింది 2025లో వచ్చిన 30వ వెర్షన్‌లో. విజువల్ స్టూడియో కోడ్ ఎడిటర్‌లో నాలుగు ఎంపికలు ఉన్నాయి: ఎడమ అంచున, పై వరుసకి సమానంగా, ఒక మెట్టు లోపలికి, రెండు మెట్లు లోపలికి. కోడ్‌కి ఒక మెట్టు లోపలికి జరపడమే మంచిదని నా అభిప్రాయం. సమానంగా పెడితే మడత ముక్క, అదే స్థాయిలో ఉన్న కొత్త లైను ఒకేలా కనిపిస్తాయి. మామూలు వచనానికి, జాబితాలకి మాత్రం సమానంగా ఉంటేనే బాగుంటుంది.

ఇరుకు కిటికీ చిక్కు ఇంకా ఉంది. 40 కాలమ్‌ల కిటికీలో 32 స్పేసుల ఇండెంట్ ఉన్న లైనుని మడతపెడితే వరుసకి ఎనిమిది అక్షరాలే మిగులుతాయి. అందుకే విమ్ కనీసం 20 కాలమ్‌లు రాతకి వదిలి, ఇండెంట్‌నే తగ్గించుకుంటుంది. ఇంత ఆలోచించి కట్టిన సౌకర్యం విమ్‌లో ఇప్పటికీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుంది, ఈమాక్స్‌లోనూ అంతే. కొత్తగా వచ్చినవాళ్లకి ఇలాంటిది ఉందని తెలిసే దారి లేదు. రెండింటిలోనూ దీన్ని ఆన్‌లోనే ఉంచాలి, వద్దనుకున్నవాళ్లు ఆఫ్ చేసుకుంటారు.