మాచర్లలో 44, పెరంబూరులో 36

మాచర్ల నుంచి కాపురానికి చెన్నైలోని పెరంబూరు వచ్చిన ఒక పాఠకురాలు అడిగారు: "మా ఊళ్ళో ఎండాకాలం 44 డిగ్రీలంటే మాకు లెక్కే కాదండీ. ఇక్కడ ఫోన్‌లో చూస్తే 36 అనే ఉంటుంది. వంటింట్లో పది నిమిషాలు నిలబడితే ప్రాణం పోతోంది. మా ఆయనేమో 'నీకు అలవాటు లేక, అంతే' అంటారు. నిజంగా అంతేనా?"

అంతే కాదమ్మా. మీ ఆయన మాటలో కొంత నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం. నీళ్ళు తాగండి, గొడుగు పట్టుకెళ్ళండి, నూలు బట్టలు కట్టుకోండి లాంటివి టీవీ వాళ్ళు ఏటా చెబుతూనే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. మీ ప్రశ్నకు జవాబంతా చెమటలో ఉంది.

ఊరికే కూర్చున్నా మన ఒళ్ళు సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది. ఇటుకలు మోసేవాడి ఒంట్లో అది 300, 400 వాట్లకు పోతుంది. ఆ 100 వాట్లే బయటికి పోయే దారి లేకపోతే 70 కిలోల మనిషికి గంటకు దాదాపు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. అంటే 37 దగ్గర మొదలైన మనిషి రెండు గంటల్లో 40కి చేరతాడు. గాలి చర్మం కంటే చల్లగా ఉంటే వేడి దానంతటదే పోతుంది. ఎండాకాలంలో చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి 36 అయిందంటే ఆ దారి మూసుకుపోయినట్టే, పైగా ఎదురు వేడి లోపలికి రావడం మొదలవుతుంది. ఇక మిగిలింది చెమట ఒక్కటే.

ఒక గ్రాము చెమట చర్మం మీద ఆవిరైతే దాదాపు 2,400 జౌళ్ళ (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం) వేడిని పట్టుకుపోతుంది. అదే గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి నాలుగు జౌళ్ళ చిల్లర చాలు. గంటకు లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 670 వాట్ల వేడి పోతుంది. కార్పొరేట్ ఆఫీసుల ఏసీలు చూసి ముచ్చటపడతాం గానీ, ఇంతటి యంత్రాన్ని ఒంటి మీదే మోసుకు తిరుగుతున్నాం! 1774లో లండన్‌లో చార్లెస్ బ్లాగ్డెన్ అనే వైద్యుడు మిత్రులతో కలిసి దీన్ని పరీక్షించి చూశాడు. పొయ్యిలతో గదిని 127 డిగ్రీల దాకా వేడెక్కించి లోపలికి వెళ్ళారు. పక్కనే పెట్టిన మాంసం ముక్క ఉడికిపోయింది, కోడిగుడ్లు గట్టిపడ్డాయి. వీళ్ళు మాత్రం కొన్ని నిమిషాలుండి నడుచుకుంటూ బయటికొచ్చారు. ఆ గదిలో గాలి పొడిగా ఉండబట్టి బతికారు. అదే గది ఆవిరితో నిండి ఉంటే వీళ్ళ గతీ ఆ మాంసం ముక్క గతే.

పొడి గాలికీ తడి గాలికీ అంత తేడా ఎందుకు? పెరంబూరు నుంచి బెసెంట్ నగర్ వెళ్ళే 29సి బస్సు మీరు ఎక్కే ఉంటారు. మీ చర్మమే బస్టాపు అనుకోండి. చెమటలోని నీటి అణువులు ప్రయాణికులు, గాలి బస్సు. ఎక్కే ప్రతివాడూ మన ఒంటి నుంచి ఒక వేడి మూట నెత్తిన పెట్టుకుని పోతాడు. మాచర్లలో బస్సు ఖాళీగా వస్తుంది, స్టాపులో వాళ్ళంతా ఎక్కేస్తారు. చెన్నైలో అది ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతూ వస్తుంది. అయితే ఎక్కేవాళ్ళతో పాటు దిగేవాళ్ళూ ఉంటారన్నది మరవకూడదు. దిగేవాడు తన మూటను తెచ్చి మన మీదే పడేస్తాడు. మనకు దక్కే చల్లదనం ఎక్కినవాళ్ళలోంచి దిగినవాళ్ళను తీసేస్తే మిగిలినంతే. బళ్ళో మాత్రం "గాలి స్పాంజిలా నీటిని పీల్చుకుంటుంది, నిండితే ఇక పీల్చదు" అని రాయించేస్తారు. పీల్చడం, ఆపేయడం ఏమీ లేవు. రాకపోకలు సమానమైపోతాయి, అంతే. ఈ ఒక్క ముక్క ఆరో తరగతిలో సరిగ్గా చెబితే ఉక్కపోత గురించి సగం గందరగోళం తగ్గుతుంది.

అంకెల్లో చూద్దాం. బస్సులో ఎంతమంది ఉన్నారో చెప్పే కొలత ఆవిరి ఒత్తిడి. 35 డిగ్రీల తడి చర్మాన్ని ఆనుకుని అది 56 మిల్లీబార్లు. మాచర్లలో 44 డిగ్రీలు, తేమ 15 శాతం అనుకుంటే గాలిలో ఆవిరి ఒత్తిడి 14. తేడా 42. పెరంబూరులో 36 డిగ్రీలు, తేమ 65 శాతం అయితే గాలిలో 39. తేడా 17. మీ చెమటను లాగే బలం ఇక్కడ సగం కంటే తక్కువ! తేమ శాతం ఒక్కటే చూస్తే ఇది దొరకదు. శాతమంటే బస్సు ఎంత నిండిందన్నది మాత్రమే, వేడి పెరిగేకొద్దీ బస్సు సైజే పెరుగుతుంది. డిసెంబరులో 25 డిగ్రీల దగ్గర 65 శాతం అంటే 21 మిల్లీబార్లే, మే నెలలో 36 దగ్గర అదే శాతం 39.

గాలి ఆడని గదిలో నిండిన బస్సు స్టాపులోనే ఆగిపోతుంది. ఫ్యాన్ దాన్ని పంపించి ఇంకోదాన్ని తెస్తుంది. వచ్చేదీ కిక్కిరిసిందే అయినా ఒకరిద్దరికి కాలు పెట్టే చోటు ఉంటుంది. అందుకే చెన్నై ఉక్కలో ఫ్యాన్ నిజంగా పనిచేస్తుంది. 44 డిగ్రీల ఊళ్ళో సంగతి వేరు. అక్కడ ఫ్యాన్ వేడి గాలినే ఒంట్లోకి తోస్తుంది. చెమట సరిగా పట్టని ముసలివాళ్ళకు అది మేలు కంటే కీడే, ముందు ఒంటి మీద తడిగుడ్డ వేయాలి.

ఎక్కలేక స్టాపు నుంచి కింద పడిపోయిన ప్రయాణికులే మీ గడ్డం మీంచి కారే చెమట. నీళ్ళు పోయాయి, ఉప్పు పోయింది, వేడి మూట మాత్రం ఒంట్లోనే ఉండిపోయింది. చెన్నైలో "అబ్బో, ఎంత చెమట పట్టిందో, ఒళ్ళు చల్లబడి ఉంటుంది" అనుకోవడానికి లేదు.

ఇక సముద్రపు గాలి. పడమటి గాలి బలంగా వీచి దాన్ని అడ్డుకున్న రోజున నగరం 40 దాటుతుంది. 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది. సముద్రపు గాలి వస్తే చాలు, జనం ఊపిరి పీల్చుకుంటారు. థర్మామీటరు 38 నుంచి 34కి దిగిందనుకోండి, తేమ 40 నుంచి 70 శాతానికి పెరిగిందనుకోండి. ఆవిరి ఒత్తిడి 27 నుంచి 37 అవుతుంది. మెరీనా ఇసుకలో నిలబడితే గాలి విసురు ఆ లోటును తీరుస్తుంది. వెనక ఇరుకు సందుల్లోకి తేమ వచ్చినంత సులువుగా ఆ విసురు రాదు.

ఇంట్లోనే చూడొచ్చు. గది ఉష్ణోగ్రత చూపే మామూలు థర్మామీటరు బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి ఫ్యాన్ కింద పెట్టండి (జ్వరం చూసేది పనికిరాదు). అంకె దిగి ఒకచోట ఆగుతుంది. అదే తడి బల్బు ఉష్ణోగ్రత, చెమట మనల్ని ఎంత దూరం చల్లబరచగలదో చెప్పే హద్దు. పైన చెప్పిన మాచర్ల గాలిలో అది 23 దగ్గర ఆగుతుంది, పెరంబూరు గాలిలో 30 దగ్గర. మట్టికుండ నీళ్ళు అక్కడ పళ్ళు జివ్వుమనిపించి, ఇక్కడ గోరువెచ్చగా ఉండిపోవడం కుండ తప్పు కాదు. గుంటూరు నుంచి తెచ్చుకున్న ఎయిర్ కూలర్ చెన్నైలో మూలన పడేదీ ఇందుకే.

తడి బల్బు 35కి చేరితే ఆరోగ్యవంతుడు కూడా నీడలో కూర్చుని కొన్ని గంటలకు మించి బతకలేడని 2010లో లెక్కగట్టారు. అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2022లో యువతీయువకుల మీద పరీక్షిస్తే, ఉక్క వాతావరణంలో తడి బల్బు 31 దగ్గర ఉండగానే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. మీ వంటింట్లో కుక్కర్ కూత వేశాక అది ఎంత ఉంటుందో ఊహించుకోండి. మన వాతావరణ శాఖ తీరప్రాంతంలో 37 దాటి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతేనే వడగాలి అంటుంది. ఆ లెక్కలో 36కి చోటు లేదు. ఈమధ్య ఉక్కపోతకు విడిగా హెచ్చరికలిస్తున్నారు, సంతోషం. 2024 అక్టోబరు 6న మెరీనాలో వైమానిక దళ విన్యాసాలు చూడ్డానికి వచ్చిన జనంలో ఐదుగురు చనిపోయారు. అది మే నెల కాదు, అగ్ని నక్షత్రమూ (మే నెలలో మండే రోజులకు తమిళులు పెట్టుకున్న పేరు) కాదు.

అగ్ని నక్షత్రమంటే గుర్తొచ్చింది. సూర్యుడు చెన్నై నడినెత్తికి వచ్చేది ఏప్రిల్ నాలుగో వారంలో. నేల, గాలి వేడెక్కడానికి టైం పడుతుంది కాబట్టి మండేది మే నెలలో. మన రోహిణి కార్తెలో రోళ్ళు పగిలేదీ అందుకే, నక్షత్రానికి కోపం వచ్చి కాదు. జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదనే వాళ్ళూ ఉన్నారు. ఆ ఉల్లిపాయను తరిగి ఉప్పు మజ్జిగలో వేసుకుంటే కనీసం ఉప్పు, నీళ్ళు లోపలికి పోతాయి.

మీ ఆయన అన్న అలవాటు సంగతి. రోజూ కాస్త కాస్త వేడిలో పనిచేస్తే వారం, రెండు వారాల్లో రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. శ్రీకాకుళం నుంచి చెన్నై ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) కట్టడాల పనికి కొత్తగా దిగిన కుర్రాడికి మొదటి వారమే గండం. అమెరికా వాళ్ళ సూచన ప్రకారం కొత్తవాడికి మొదటి రోజు మామూలు పనిలో అయిదో వంతే ఇచ్చి, రోజుకింత పెంచుకుంటూ పోవాలి. ఇక్కడ మేస్త్రీలు మొదటి రోజే పూర్తి లోడు ఎత్తిస్తారు. అయితే ఎంత అలవాటైనా నిండిన బస్సు ఖాళీ కాదు.

వడదెబ్బ తగిలినవాడు తికమకగా మాట్లాడితే, తూలితే, దిష్టి అనో తాగాడనో అనుకుని గంట పోగొట్టకండి. ఒంట్లో వేడి 40 దాటి మెదడు తడబడుతోందన్నమాట. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. చెమట కారుతూనే పడిపోయేవాళ్ళుంటారు. పారాసిటమాల్ వేయడం దండగ. జ్వరంలో మెదడే వేడిని 39కో 40కో పెంచి పెట్టుకుంటుంది, ఆ మీటను మాత్ర కిందికి దింపుతుంది. వడదెబ్బలో మీట 37 దగ్గరే ఉంది, వేడే పోవడం లేదు. పైగా దెబ్బతిన్న కాలేయం మీద ఆ మాత్ర ఇంకో భారం.

108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపే చల్లబరచడం మొదలుపెట్టాలి. నీడకు చేర్చి బట్టలు వదులు చేయండి. పొడి ఊళ్ళలో నీళ్ళు చల్లి విసిరితే బాగా పనిచేస్తుంది. చెన్నైలో గాలి ఎలాగూ నిండి ఉంది కాబట్టి ఆవిరిని నమ్ముకుని కూర్చోకూడదు. వేడి నేరుగా చన్నీళ్ళలోకి, ఐస్‌లోకి పోయేలా చూడాలి, దానికి తేమతో పనిలేదు. తొట్టి ఉంటే మెడ దాకా చన్నీళ్ళలో కూర్చోబెట్టి, తల మునగకుండా ఒకరు పట్టుకోవాలి. లేకపోతే పక్కనున్న చెరకు రసం బండి నుంచి ఐస్ అడిగి, తువ్వాళ్ళు ఐస్ నీళ్ళలో ముంచి ఒళ్ళంతా కప్పండి. అవి వెచ్చబడగానే మార్చండి. చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర ఐస్ మూటలు పెట్టండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మాత్రం మజ్జిగ కాదు కదా, చుక్క నీళ్ళు కూడా పోయకండి.